వేలంపాటకు కోరం ఉంది!

బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలు. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లో ఓ విల్లాల సముదాయం లడ్డూ 2.32 కోట్లు పలికింది. (ఆ సొమ్ము సేవా కార్యక్రమాలకే వెళుతుందట, వాళ్లనేమీ అనకూడదు.) ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంట్ సంఘానికీ అదే కల. రెండో లిఫ్టు బాగుచేయించే మీటింగుకు కోరం ఉండదు; లడ్డూ వేలానికి మాత్రం కమిటీ, దానికో ఉపకమిటీ. ఆర్నెల్ల మెయింటెనెన్స్ ఎగ్గొట్టిన పెద్దమనిషే "ఇంకో పదివేలు!" అని చెయ్యెత్తుతాడు. పాటకు మైకుంది, బాకీకి లేదు మరి.

బతుకమ్మకు డీజే పెట్టాలా, మనమే పాడుకోవాలా అని వాట్సాప్‌లో ఓటింగ్. పాటలొచ్చిన అత్తగార్లు గ్రూపులో లేరు. డీజే గెలిచాడు.

సంక్రాంతి ముగ్గుల పోటీ ఇంకా చిత్రం. పండక్కి అందరూ ఊళ్లకు పోతారు కనుక వారం ముందే కానిచ్చేస్తారు, సెల్లార్‌లో, కార్లు తీయమని బతిమాలుకుంటూ. న్యాయనిర్ణేత ఎవరంటే, పోటీని స్పాన్సర్ చేసిన రియల్ ఎస్టేట్ కంపెనీ మేనేజరు. వాళ్ల లోగో వేసిన ముగ్గుకే ఫస్ట్ ప్రైజు.

రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ కూడదని 2000 నాటి నిబంధన. కాబట్టి సెక్రటరీగారి వందన సమర్పణ 9.55కు మొదలవుతుంది. అందులో అందరి పేర్లూ వస్తాయి, కుర్చీలు మోసిన వాచ్‌మన్‌ది తప్ప. అతనికీ భోజనం పొట్లం కట్టించారు లెండి. పనీర్ అయిపోయిందట.