స్నేర్ మధ్య నుంచి ఒక దారం

సంక్రాంతికి విశాఖ వచ్చిన మనవడు ఫోను నా ముందు పెట్టాడు. "తాతయ్యా, డ్రమ్స్ రికార్డింగ్‌కి ఈ మూడు కండెన్సర్ మైకుల్లో ఏది కొనమంటావు?" అన్నాడు. మూడు బొమ్మలు, వాటి కింద ధరలు, నక్షత్రాలు. "డ్రమ్స్ ఎక్కడ పెట్టావురా?" అన్నాను. బెడ్‌రూంలో గోడ వారగా పెట్టాడట. గది కప్పు ఎంత ఎత్తో తెలీదట. స్నేర్ డ్రమ్ మీది పొర, అదే హెడ్, ఎప్పుడు మార్చావంటే కొన్నప్పటిదే అన్నాడు. ఆ సెట్టు కొని నాలుగేళ్ళయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

1970ల్లో నేను మద్రాసులో సినిమా పాటలకి డ్రమ్స్ వాయించేవాణ్ణి. అప్పట్లో కండెన్సర్ మైకంటే దేవుడి గదిలో విగ్రహమే. జర్మనీ నుంచి వచ్చిన న్యూమన్ మైకు. రికార్డిస్టు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. వాల్వు మైకయితే దాని పవర్ సప్లై పెట్టెని ముందే ఆన్ చేసి వేడెక్కనిచ్చేవారు. పాట అయ్యాక మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు. ఆ బీరువాలో రాత్రీ పగలూ ఒక చిన్న బల్బు వెలుగుతుండేది, సముద్రపు చెమ్మ మైకుకి పట్టకుండా. అంత అపురూపమైన వస్తువు గాయకుడికి పెట్టేవారు, వయొలిన్లకి పెట్టేవారు. డ్రమ్స్ దాకా వచ్చేది కాదు. మాకు ఒకే ఒక డైనమిక్ మైకు, స్నేర్‌కీ బేస్ డ్రమ్‌కీ మధ్యలో. నేను ఎంత నాజూగ్గా సింబల్ తాకించినా అది పాటలో ఇసుక రాలిన చప్పుడులా వినపడేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కానీ ఆ ఒక్క మైకుతోనే పని ఎంత శ్రద్ధగా జరిగేదో చెప్పాలి. రికార్డిస్టు లోపల విని, బయటికొచ్చి, మైకుని నాలుగంగుళాలు జరిపి, మళ్ళీ లోపలికెళ్ళి వినేవాడు. మైకు జరిపినా కుదరకపోతే నన్ను జరిపేవాడు. హైహ్యాట్ ఎక్కువైందంటే ఏ మీటా తిప్పేవారు కాదు, నా చెయ్యే తగ్గాలి. గాయకుడూ వాద్యబృందమూ అందరం కలిసి ఒకే టేకు. ఎవరు తప్పినా పాట మొదటి నుంచి. అందుకని మైకు పెట్టేటప్పుడే శబ్దం సరిచూసుకునేవాళ్ళం. తర్వాత సరిచేసుకోవచ్చులే అన్న మాటే మా నోట రాలేదు.

డ్రమ్స్‌కి కండెన్సరే ఎందుకంటే, డైనమిక్ మైకు లోపలి పొరకి తీగచుట్ట అతుక్కుని ఉంటుంది. శబ్దం ఆ బరువునంతా కదిలించాలి. కండెన్సర్‌లో మైక్రాన్లలో కొలిచేంత పలచని పొర, దాని వెనక ఒక లోహపు పలక, అంతే. ఆ రెంటి మధ్య సందు పెరిగీ తరిగీ శబ్దం విద్యుత్తు అవుతుంది. బరువు లేదు కాబట్టి కర్ర సింబల్‌ని తాకిన మొదటి క్షణం కూడా దానికి దొరుకుతుంది. దానికి కావలసిన 48 వోల్టులు ఇప్పుడు మైకు తీగలోనే వెళ్తాయి. ఈ 48కి ఒక కథ ఉంది. 1966లో న్యూమన్ వాళ్ళు కేఎం 84 మైకుని నార్వే రేడియో కోసం చేసినప్పుడు, అక్కడి స్టూడియోల్లో అదనపు దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే మైకులకీ వాడుకున్నారు. ఇవాళ మా మనవడి మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె మీద ఎర్రగా వెలిగే మీట పుట్టుక అది. వాడు దాన్ని రోజూ నొక్కుతాడు. ఎందుకు నొక్కుతున్నాడో ఒక్కసారీ అడగలేదు.

మేం చేత్తో ముట్టుకోలేని మైకు ఇప్పుడు కుర్రాడి జేబుఖర్చుకి వస్తోంది. నాకు సంతోషమే. అందుకే దాన్ని చూడకుండా, వినకుండా కొంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

వాడు చూపించిన మూడింట్లో రెండు పెద్ద మైకులు, గాయకుడి ముందు వేలాడదీసే రకం. చూడ్డానికి దర్జాగా ఉంటాయి. కానీ వాటితో ఒక చిక్కుంది. న్యూమన్ 1960లో తెచ్చిన యు 67 మైకు క్యాప్సూల్, అంటే పొరా పలకా ఉండే భాగం, పై స్వరాలని కాస్త ఎత్తి పట్టుకుంటుంది. దాన్ని లోపలి సర్క్యూట్ మళ్ళీ కిందికి దించి సమం చేస్తుంది. చవక మైకులు చేసేవాళ్ళలో చాలామంది ఆ క్యాప్సూల్ నమూనా తీసుకున్నారు, దించే సర్క్యూట్ వదిలేశారు. గొంతుకి అది మెరుపులా అనిపించవచ్చు. సింబల్స్ మీద పెడితే చెవిలో సూదులు గుచ్చినట్టుంటుంది. తక్కువ డబ్బుతో డ్రమ్స్ పైన పెట్టాలంటే పెన్సిల్‌లా సన్నగా ఉండే చిన్న పొర మైకులు మేలు. పక్క నుంచి వచ్చే శబ్దాన్ని కూడా అవి పెద్దగా రంగు మార్చవు. డ్రమ్ సెట్టు నాలుగు వైపులా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ గుణం ముఖ్యం. బెహ్రింగర్ సి-2 లాంటివి జతగా ఒకే పెట్టెలో వస్తాయి. ఇంకాస్త పెట్టగలిగితే రోడ్ ఎన్‌టీ5 జత ఉంది. మూడు రకాల మైకులు మూడు తెచ్చుకునే బదులు ఒకే రకం జత కొనండి.

అంకెలు చదవడం కూడా ఎవరూ నేర్పినట్టు లేదు. "ఎన్‌టీ1-ఎ సొంత రొద 5 డెసిబెల్సే, ఏటీ2020ది 20" అని ఆ పెద్ద మైకులు రెంటి గురించి మా వాడు పాఠంలా ఒప్పజెప్పాడు. డ్రమ్స్‌కి ఆ అంకె ఎందుకు నాయనా? నువ్వు స్నేర్ కొడుతుంటే మైకు రొద ఎవడికి వినపడుతుంది? చూడాల్సింది అది ఎంత పెద్ద శబ్దం తట్టుకుంటుందన్నది. అక్కడ ఎన్‌టీ1-ఎ 137 దగ్గర ఆగితే ఏటీ2020 144 దాకా వెళ్తుంది. గొంతుకి గొప్పదైన మైకు డోలుకీ గొప్పదని రాసిపెట్టి లేదు. మైకు తట్టుకున్నా ఇంటర్‌ఫేస్ తట్టుకోకపోవచ్చు, గెయిన్ తగ్గించుకోవాలి. మీటరు ఎరుపెక్కితే ఆ దెబ్బ చిరిగినట్టే, తర్వాత కుట్టలేరు.

వాడు చూపించిన మూడోదాని సంగతి చెబితే కోపం వస్తుంది. బయటికి పెద్ద మైకులా ఉండి, లోపల ఫోన్లలో పెట్టేలాంటి చిన్న గింజ. వెంట వచ్చే తీగ కంప్యూటర్‌కి ఉండే చిన్న మైకు రంధ్రంలోకి దూరుతుంది. దాన్ని స్టూడియో మైకని అమ్ముతున్నారు. నేరుగా కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ మైకులూ డ్రమ్స్‌కి వద్దు. మాట్లాడుకోడానికి అవి బాగానే ఉంటాయి గానీ, రెంటిని కలిపి ఒకే తాళంలో నడిపించడం పెద్ద తలనొప్పి.

సరే, మంచి జత కొన్నారు. ఇక్కడి నుంచే ఇప్పటివాళ్ళు చెయ్యి వదిలేస్తున్నారు. రెండు స్టాండ్లు లేపి, కంటికి బాగున్న చోట పెట్టి, రికార్డ్ నొక్కేస్తారు. శబ్దం సెకనుకి 343 మీటర్లే పోతుంది. స్నేర్ నుంచి ఒక మైకు దగ్గర, ఇంకోటి 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరం అయితే, రెంటినీ కలిపినప్పుడు 1000 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. జానెడు కూడా కాదు! స్నేర్ బోలుగా, డబ్బాలా వినపడుతుంది. అప్పుడు కుర్రాడు మైకు మంచిది కాదనుకుని ఇంకోటి వెతుకుతాడు.

లండన్‌లో 1968లో రాక్ బృందం లెడ్ జెప్లిన్ తొలి ఆల్బం రికార్డు చేసిన గ్లిన్ జాన్స్‌కి మూడు నాలుగు మైకులు సరిపోయాయి. ఒకటి స్నేర్ పైన, ఇంకోటి ఫ్లోర్ టామ్ పక్క నుంచి హైహ్యాట్ వైపు చూస్తూ, రెండూ స్నేర్ నుంచి సమాన దూరం. ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ పద్ధతి నడుస్తోంది. దానికి కావలసింది నూలు దారం. స్నేర్ మధ్యలో ఒక కొస వేలితో నొక్కిపెట్టి, మొదటి మైకు దాకా లాగి ముడి వేసి, అదే ముడి రెండో మైకుకి తాకేలా జరపాలి. రెండు నిమిషాల పని. దీనికి డబ్బు అక్కర్లేదు, వంగి కూచునే ఓపిక కావాలి.

గది సంగతీ అంతే. మన స్లాబు ఇళ్ళలో కప్పు తక్కువ ఎత్తు, గట్టి సిమెంటు. మైకుకి మొదట సింబల్ వినపడుతుంది, వెంటనే కప్పుకి కొట్టుకుని తిరిగొచ్చిన అదే సింబల్ వినపడుతుంది. ఇంట్లో పాత బొంతలుంటాయి కదా, మైకుల పైన రెండు మడతలు కట్టండి. డ్రమ్స్‌ని మూల నుంచి లాగండి. కింద జంబుఖానా పరవండి. మా రోజుల్లో స్టూడియో గోడలకి లేని హంగు ఇళ్ళల్లో అటక మీద పడి ఉంది.

ఇంతా చేసి, సింబల్స్ ఇత్తడివైతే ఏ మైకూ కాపాడలేదు. మంచి సింబల్స్ చాలామటుకు నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం కలిసిన కంచుతో చేస్తారు. కంచుకీ ఇత్తడికీ తేడా మన పల్లెల్లో భజన తాళాలు పట్టే పిల్లలకి కూడా తెలుసు. ఎనిమిది వేలు మైకుకి పెట్టడానికి సిద్ధమైనవాడు కొత్త హెడ్ వేసుకోడానికి వెనకాడటం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆ పండక్కి మనవడి చేత ఏమీ కొననివ్వలేదు. నా పాత డైనమిక్ మైకు ఒకటి ఇచ్చి, దాన్ని గదిలో పది చోట్ల పెట్టి రికార్డు చేసి పంపమన్నాను. పంపాడు. ఏడో చోటు బాగుందని వాడే చెప్పాడు. ఆ తర్వాతే పెన్సిల్ మైకుల జత కొన్నాడు. చెమ్మ పట్టి టపటపమనకుండా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో దాచుకోమన్నాను.

నిన్న రాత్రి ఫోను చేశాడు. కప్పు తొమ్మిదిన్నర అడుగులట, కొలిచాడు. బొంత కట్టాడు. కొత్త రికార్డింగ్ పంపించాడు. కర్ర సింబల్ అంచుని తాకి జారిన శబ్దం, మద్రాసులో నాకు ఒక్కరోజూ దక్కనిది, స్పష్టంగా వినపడింది. రెండుసార్లు విన్నాను. మూడోసారి స్నేర్ ఒక్కటే విన్నాను. కుడి వైపు మైకు రెండంగుళాలు జారినట్టుంది. దారం తీసి మళ్ళీ కొలవమని చెప్పాను.