కిరీటం దించాకే కదిలిన సిలువ

మా రోజుల్లో సెప్టెంబరు 14 అంటే పరిశుద్ధ సిలువ విజయోత్సవం. ఏ వారమైనా, ముసురు పట్టినా, చేలో కలుపు పేరుకున్నా, పొద్దున్నే గుడికెళ్ళి పూజ అయ్యాకే పనికి పోయేవాళ్ళం. ఇప్పుడు ఆ తేదీ అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. సిలువంటే వాళ్ళకు మంచి శుక్రవారం ఒక్కటే గుర్తొస్తుంది.

తప్పు వాళ్ళది కాదు, చెప్పేవాళ్ళు లేరు. మాకు ఉపదేశిగారు చెప్పేవారు. రోమా రాజ్యంలో సిలువ బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. అంత అవమానపు చావును క్రీస్తు ఒప్పుకున్నాడంటే, అందరూ వెలివేసిన మనిషి పక్కన వచ్చి నిలబడ్డాడన్నమాట. ఊరికి అవతల పల్లెలో బతికిన మా పెద్దలకు అది వేరే విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

పండుగ కథ కూడా ఆయనే చెప్పేవారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి హెలీనా యెరూషలేములో సిలువను కనుగొన్నదని పెద్దల మాట. అక్కడ కట్టిన గుడిని 335 సెప్టెంబరు 13న ప్రతిష్ఠించి, మర్నాడు సిలువను జనానికి చూపించారు. 614లో పారసీకులు నగరాన్ని కొల్లగొట్టి సిలువను పట్టుకుపోయారు. హెరాక్లియస్ చక్రవర్తి వాళ్ళను ఓడించి తిరిగి తెచ్చాడు. పట్టుబట్టలతో, కిరీటంతో సిలువను భుజానికెత్తుకుంటే నగర ద్వారం దగ్గర అడుగు పడలేదట. కిరీటం దించి, పట్టుబట్టలు విడిచి, వట్టికాళ్ళతో నిలబడ్డాకే కదలగలిగాడట.

ఇప్పుడు చూడండి. సిలువ చుట్టూ రంగు బల్బులు, మెడలో కాసుల బంగారంతో సిలువ లాకెట్లు. సాక్ష్యం చెప్పమంటే వీసా వచ్చింది, స్థలం కొన్నామన్న మాటలే. ఇచ్చిన మేలుకు దేవుణ్ణి స్తుతించాల్సిందే, కాదనను. కానీ నమ్మినవాడికి జబ్బూ అప్పూ రావని మైకుల్లో చెబుతున్నారే, అది నాకు కడుపుమంట. మంచంపట్టిన మనిషి ఆ మాట విని, తన విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోతుంది. ఆమెకు సిలువను దూరం చేసినవాళ్ళం మనమే.

సిలువ పండుగ రోజు పూజలో చదివే మోషే కథ వినండి. పాములు కరుస్తుంటే, వాటిని తొలగించమని జనం మొరపెట్టుకున్నారు. దేవుడు ఇత్తడి పామును చేసి స్తంభం మీద పెట్టమన్నాడు. కాటు పడినవాళ్ళు దాని వంక చూసి బతికారు. కాటే పడదని దేవుడు మాట ఇవ్వలేదు, కాటుపడ్డా బతికే దారి చూపించాడు. మర్నాడు, 15న, వ్యాకులమాత పండుగ. సిలువ కింద నిలబడ్డ ఆ క్రీస్తు తల్లిది తక్కువ విశ్వాసమని ఎవరైనా అనగలరా?

ఇప్పటి పిల్లలకు మాకు లేని వరమొకటి ఉంది. ఆ రోజుల్లో బైబిలు ఉన్న ఇళ్ళు తక్కువ, చదవగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. ఇప్పుడు ప్రతి ఫోన్లో ఉంది. కూర్చోబెట్టి చెప్పే మనిషే కరువు.

అందుకే పెద్దలకు నా మనవి. ఈ సెప్టెంబరు 14న పిల్లల్ని గుడికి తీసుకురండి, కథ మొత్తం చెప్పండి. పూజ అయ్యాక వాళ్ళను వెంటబెట్టుకుని, మీ వీధిలో మంచంపట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చోండి. చెప్పే తీరిక మీకు లేకపోతే నాకు కబురు పెట్టండి, నేనొచ్చి చెబుతాను.