యెజ్డీ పాయింటు గీకుట ఎట్లనగా

ముందుగా ఒక యెజ్డీ ఉండాలి. డబ్బులిచ్చి కొన్నది పనికిరాదు. నాయన నుంచో మామ నుంచో దక్కినదై, ఆర్సీ ఇంకా ఆయన పేరుమీదే ఉండాలి. మైసూరులో వీటిని తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి మీ బండి ఎంత కుర్రదైనా ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లోళ్ల కంటే పెద్దదే. రెండోది, అది ఎండలో ఆగిపోవాలి. దీనికి మీరేమీ చేయనక్కర్లేదు, అదే ఆగుతుంది. కళ్యాణదుర్గం రోడ్డులో, కనుచూపు మేర ఒక్క వేపచెట్టు కూడా లేనిచోట మధ్యాహ్నం రెండుకు ఆగితే శ్రేష్ఠం.

ఆగగానే పెట్రోలు చూడండి. ప్లగ్గు విప్పి, ఊది, తుడిచి, మళ్లీ బిగించండి. తప్పు అక్కడ లేదని మీకు తెలుసు, అయినా చేయాలి. దారిన పోయేవాళ్లు ఆగి చుట్టూ చేరడానికి ఆ మాత్రం టైం పడుతుంది. బుడ్డల మూటలేసుకుని టీవీఎస్ మీద పోయే ఆయన తప్పకుండా ఆగుతాడు. "కరెంటు రాలేదన్నా" అంటాడు. ఆయన బండి ఎప్పుడూ ఆగదు. ఆ మాట ఆయన అనడు, మీరూ ఎత్తకండి.

ఇప్పుడు ఇంజనుకు కుడిపక్క కవరు విప్పండి. డైనమో కనిపిస్తుంది, దాని దగ్గరే పాయింట్లు. పాత మెకానిక్కులు వీటిని ప్లాటినం అంటారు. నిజానికి టంగ్‌స్టన్. ప్లాటినమే అయ్యుంటే ఎప్పుడో కుదువపెట్టి ఉందుము.

గోటికంటే చిన్న బిళ్లలు రెండు, ఎదురెదురుగా. క్యామ్ తిరిగినప్పుడల్లా ఒకటి పక్కకు జరుగుతుంది. అవి విడిపోయిన క్షణాన కాయిల్‌లో కరెంటు తెగి, అక్కడ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. టూ స్ట్రోక్ ఇంజను కనక క్రాంకు ప్రతి చుట్టుకూ ఇదే పని. నిమిషానికి మూడువేల చుట్లయితే మూడువేల సార్లు. అంత పనిచేసేది ఎట్లుంటుందో కళ్లద్దాలు తుడుచుకుని చూడండి: ఒక బిళ్ల మీద చిన్న గుట్ట, రెండోదాని మీద సరిగ్గా దానికి జోడైన గుంత. విడిపోయేటప్పుడు మెరిసే నిప్పు కొంచెం కొంచెంగా దీని లోహాన్ని తీసుకుపోయి దాని మీద పెడుతుంది. పైన మసి, సందులో ఎర్రదుమ్ము. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక గాలికి లేచి పొలాలనే కప్పేస్తోంది. ఆ గాలి మీ ఇంజను కవరు దగ్గర మర్యాదగా ఆగుతుందా?

గీకడానికి సన్న ఆకురాయి వాడాలని తెలిసినవాళ్లు చెబుతారు. ఎమిరీ కాగితం వద్దంటారు, దాని రజను సందులో ఇరుక్కుంటుందని. కాబట్టి ఎమిరీ కాగితమే వాడండి. అది లేకపోతే అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే పట్టీ చించి, రెండుగా మడిచి, సందులో దూర్చి లాగండి. గుట్ట అరుగుతుంది. గుంత పూడదు. గుంత పోవాలంటే చుట్టూ ఉన్న మంచి లోహాన్ని కూడా దాని లోతుకు దించాలి. బోర్ల విషయంలో మనకిది బాగా అలవాటే.

తర్వాత గ్యాపు. సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజి మీ దగ్గర ఉండదు. గడ్డం బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, నాలుగు కలిపి దూరిస్తే లెక్క సరి. అయితే జేబులో నాలుగు బ్లేడ్లు పెట్టుకుని తిరిగితే, మన సీమలో ఏదో ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసులకు ఇగ్నిషన్ పాఠం చెప్పే భాగ్యం కలుగుతుంది. వినయంగా చెప్పండి.

క్యామ్‌ను రాసుకుంటూ ఉండే ఫైబరు ముక్క అరిగితే గ్యాపు తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, బండి లాగదు. క్యామ్‌కు ఆనుకుని ఉన్న ఫెల్టుకు అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె వేసుంటే ఇంత అరుగుదల ఉండేది కాదు. మనం వేస్తే ఒక చుక్కతో ఆపం. మిగిలింది చింది పాయింట్ల మీద పడి మళ్లీ మసి.

ఇక అన్నిటికంటే ముఖ్యం: కండెన్సరు జోలికి పోకండి. సందులో లేచే నిప్పును అణచాల్సింది అదే. గుట్టా గుంతా నెలనెలా పెరుగుతున్నాయంటే చాలాసార్లు తప్పు దానిదే. దాన్ని మార్చారో, మళ్లీ గీకే పని చాన్నాళ్లు పడదు, ఈ విద్యా అంతరించిపోతుంది. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బండ్లు వచ్చాయి, వాటికి అసలు పాయింట్లే లేవు. రోడ్డుమీద ఆగితే చుట్టూ చేరినవాళ్లు ఏం సలహా చెబుతారో పాపం.

కొత్త సెట్టు కొనొచ్చు కదా అంటారా? మా నాయన ఏటా కొనేవాడు, నోటితో. "కాయ అమ్మినంక మారుద్దాంలే." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని అనంతపురం లెక్క. బుడ్డలకు ఊడ దిగే వేళకు అది ఎక్కడ పడుతుందో లెక్కలో ఉండదు. కాయ రాలేదు, పాయింటు మారలేదు. చివరికి మెకానిక్కే చేతులెత్తేశాడు: "ఇంగ గీకేకి ఏముందప్పా దీంట్లో, రేకే మిగిలింది."

మొన్న అదే రోడ్డులో, అదే ఎండలో, స్క్రూడ్రైవర్ కోసం టూల్‌బాక్సు అడుగుదాకా తడిమాను. నూనె కాగితంలో చుట్టి, దారంతో కట్టిన పొట్లం తగిలింది. కొత్త పాయింట్ల సెట్టు. బెంగళూరు జేసీ రోడ్డు అంగడి ముద్ర సగం చెరిగిపోయింది. ఏదో ఒక ఏడు కాయ వచ్చినట్టుంది. తెచ్చి, పాతది ఇంకా నడుస్తోంది కదా అని దాచినట్టున్నాడు.

పొట్లం మళ్లీ కట్టి అడుగున పెట్టేశాను. టీవీఎస్ ఆయన ఇంకా పోలేదు.

"అన్నా, అగ్గిపెట్టె ఉందా?" అన్నాను.