కోరం సరిపోయింది

మా బావమరిది ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. జిల్లా కేంద్రం నుంచి బస్సులో గంటన్నర, దిగాక బండి మీద మరో అరగంట పోతే వచ్చే ఊళ్లో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాడు. నిజానికి 'పనిచేస్తారు' అని బహువచనం వాడాలి. మర్యాద కోసం కాదు, లెక్క కోసం. ఆ బడిలో స్టాఫ్ అంతా వాడొక్కడే.

2025 ఏప్రిల్ 22 రాత్రి ఫోన్ చేశాడు.

"బావా, రేపు లాస్ట్ వర్కింగ్ డే. ఇయర్ ఎండింగ్ స్టాఫ్ మీటింగ్ పెట్టుకున్నాం. నువ్వు రావాలి."

"మీ స్టాఫ్ మీటింగ్‌కి నేనెందుకురా?"

"ఫొటో తియ్యడానికి మనిషి లేడు."

ఒంటిపూట బడి కదా, ఏడూ ముప్పావుకల్లా చేరాను. రెండు గదులు, ఒక వరండా, వరండా చివర వంటపొయ్యి, గేటు పక్కన వేపచెట్టు. మావాడు ఒక కుర్చీలో కూర్చుని, ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు వేశాడు. ఫొటోలో నిండుగా కనపడాలట. మినిట్స్ బుక్ తెరిచి, గుండ్రటి చేతిరాతతో మొదలుపెట్టాడు. "హాజరైనవారు: ఒకరు. గైర్హాజరు: నిల్. కోరం సరిపోయినందున సమావేశం ప్రారంభించడమైనది."

తీర్మానాల దగ్గర చిన్న చిక్కొచ్చింది. ప్రతిపాదించేవాడు ఒకడు, బలపరిచేవాడు ఒకడు ఉండాలి కదా. దానికీ దారి ఉంది. ఇన్‌ఛార్జి హెచ్‌ఎం హోదాలో ప్రతిపాదించి, ఎస్జీటీ హోదాలో బలపరిచాడు. అన్నీ ఏకగ్రీవం. అసెంబ్లీలో కూడా ఇంత సామరస్యం నేను చూడలేదు. భోజనం ఇన్‌ఛార్జి, మరుగుదొడ్ల ఇన్‌ఛార్జి, లైబ్రరీ ఇన్‌ఛార్జి, మొక్కల ఇన్‌ఛార్జి కూడా ఆ ఒక్క చొక్కాలోనే ఉన్నారు. ఏడాదిలో ఒక్కసారైనా వాళ్ల మధ్య మాటపట్టింపు రాలేదని మినిట్స్‌లో రాసుకోవచ్చు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. మావాడి బడిలో పిల్లలు పంతొమ్మిది మంది. ఒకరు మావాడు. రెండోవారు ఖాళీ. మన విద్యాశాఖలో అందరికంటే సీనియర్ ఉద్యోగి ఎవరయ్యా అంటే ఈ ఖాళీగారే. ఆయనకు బదిలీ లేదు, రిటైర్మెంటు లేదు, ప్రతి జాబితాలోనూ పేరుంటుంది, ఏ ప్రభుత్వం వచ్చినా ఆయన కుర్చీ కదలదు.

ఆ ఏడాది లెక్కలే తర్వాత కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదికగా బయటికొచ్చాయి. దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వాటిలో చదివే పిల్లలు 33 లక్షల పైచిలుకు. 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ప్రథమం! మా మీటింగు జరిగిన రోజే పదో తరగతి ఫలితాలు కూడా వచ్చాయి. మండలం ఫస్టుకు, స్కూల్ ఫస్టుకు, వీధి ఫస్టుకు కూడా ఫ్లెక్సీలు లేచాయి. దేశం ఫస్టుకు మాత్రం ఒక్క ఫ్లెక్సీ కూడా లేవలేదు. తెలంగాణవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. ఒక్క పిల్లాడూ చేరని బడులు దేశంలో 7,993 ఉంటే, 2,245తో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం వాళ్లదే. ఇలాంటి బడుల్లో దేశం మొత్తం మీద 20,817 మంది ఉపాధ్యాయులున్నారు. అక్కడ స్టాఫ్ మీటింగులు ఇంకా ప్రశాంతంగా జరుగుతుండాలి.

అజెండాలో మొదటి అంశం బోధన సమీక్ష. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు దాకా నాలుగేసి. వెరసి పద్దెనిమిది. పద్దెనిమిదింటికీ పాఠ్య ప్రణాళికలు రాసి ఉన్నాయి, అట్టలు వేసి, లేబుళ్లు అంటించి.

"మరి చెప్పేదెప్పుడురా?"

"రాయడం అయ్యాక టైముంటే చెప్తాం బావా."

వాడు ఎకసెక్కానికి అన్నాడనుకున్నాను. గంటసేపు పక్కన కూర్చున్నాక తెలిసింది, రిపోర్టు ఇచ్చాడని. రెండో తరగతికి కూడికలు ఇచ్చి, మూడో తరగతికి పాఠం మొదలుపెట్టేసరికి ఫోన్ మోగింది. మండల గ్రూపులో ప్రొఫార్మా. పదింటికల్లా నింపి పంపాలి, అప్పటికి టైము పదీ పది. ప్రమోషన్ లిస్టు, ముగింపు నిల్వలు, మరుగుదొడ్డి ఫొటో, తాగునీటి ఫొటో, పిల్లల అపార్ గుర్తింపు నంబర్లు. సమాచారం ఏమీ లేకపోతే, ఏమీ లేదన్న సమాచారం పంపాలి. దాన్ని నిల్ రిపోర్టు అంటారు. మావాడు ఆ ఏడాది చేసిన బోధన కంటే పంపిన నిల్‌లే ఎక్కువని నా అనుమానం. సిగ్నలు బళ్లో అందదు. వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. ఇదివరకు పది యాప్‌లుండేవి, ఆ ఏడాదే అన్నిటినీ కలిపి లీప్ అని ఒకటే చేశారు. పేరు బాగా కుదిరింది. గెంతేది మాష్టారే.

అపార్ దగ్గర ఒక పిల్ల ఆగిపోయింది. అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న పేరుకీ ఆధార్లో ఉన్న పేరుకీ ఒక ఇంగ్లీషు 'హెచ్' తేడా. పుట్టినరోజు మాత్రం కచ్చితంగా కలిసింది, జనవరి 1. ఆ బళ్లో ఆరుగురు జనవరి 1నే పుట్టారు. ఆ ఊరి మంత్రసానికి ఏటా న్యూ ఇయర్ వేడుకలు ఉండి ఉండవు పాపం.

మావాడు ట్యాంకు మీద ఉన్నంతసేపూ ఒకటో తరగతికి ఒత్తులు చెప్పింది ఐదో తరగతి అమ్మాయి. చెప్పడమంటే చూసీచూడనట్టు కాదు. పలక మీద వేలితో దిద్దించి, తప్పు రాసినవాడి చెవి పట్టుకుని, మళ్లీ రాయించి, సరిగ్గా రాశాక జేబులోంచి ఒక చింతగింజ తీసి ఇచ్చింది. ఎన్నాళ్లనుంచి చెబుతోందని అడిగితే "మూడో తరగతి నుంచీ సార్" అంది. ఐదు పూర్తయింది కాబట్టి జూన్‌లో టీసీ తీసుకుని పక్క ఊరి హైస్కూలుకు వెళ్లిపోతుంది. మావాడు మినిట్స్ బుక్‌లో 'సిబ్బంది వివరాలు' అన్న శీర్షిక కింద కాసేపు పెన్ను ఆడించి, ఆమె సేవలను కొనియాడుతూ రెండు వాక్యాలు రాశాడు. తర్వాత ఆడిట్‌వాళ్లు అడుగుతారని భయపడి కొట్టేశాడు.

రెండో అంశం పేర్లు. ఏడాది చివర స్టాకు రిజిస్టర్లు మూయాలంటే ముందు ఏ రిజిస్టరు పేరేమిటో తేలాలి. పిల్లల సంచులు 2020లో విద్యాకానుక. ప్రభుత్వం మారాక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. అన్నం నిన్న గోరుముద్ద, ఇవాళ డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. గోడలకు వేసిన సున్నం నాడు–నేడు, ఇప్పుడు మన బడి–మన భవిష్యత్తు. పేరు మారినప్పుడల్లా కొత్త రిజిస్టరు, పాతదానికి ముగింపు సంతకం. పప్పు మాత్రం పాతదే. 2022లో జీవో 117 వచ్చి బడుల్ని ఆరు రకాలు చేసింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు నడిచి వెళ్లిపోయాయి. మావాడి ఊరికి పక్క ఊరి హైస్కూలు దూరం కాబట్టి తరగతులు మిగిలాయి. దూరం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది. ఆ జీవో పోయి 2025 మే నెలలో కొత్తవి వచ్చాయి, ఇప్పుడు తొమ్మిది రకాలు. జనాభాలో పిల్లలు తగ్గుతున్నారు, బడుల్లో రకాలు పెరుగుతున్నాయి. రెండు ప్రభుత్వాల్లోనూ లాభపడ్డది బోర్డులు రాసే పెయింటర్ ఒక్కడే. అతని పిల్లలు ప్రైవేటు స్కూల్లో చదువుతున్నారు.

ఇక గుడ్లు. మీటింగులో అసలు చర్చ అంటూ జరిగింది గుడ్ల మీదే. స్టాకులో ఇరవై మూడున్నాయి. పిల్లలు పంతొమ్మిది మంది, తలొకటి. నాలుగు మిగులు. యాప్ ఒక పిల్లకు ఒక గుడ్డే ఒప్పుకుంటుంది. ముగింపు నిల్వ నాలుగని రాస్తే బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. మధ్యలో నలభై తొమ్మిది రోజులు. అన్నాళ్లు ఆగితే రిజిస్టర్లో గుడ్లుగా ఉన్నవి బీరువాలో ఏమవుతాయో ఆలోచించండి. మావాడు తల పట్టుకున్నాడు. వంటమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటి మేష్టారూ, ఇంకా తేల్లేదా?"

"నాలుగు గుడ్లు ఎక్కువున్నాయమ్మా."

"ఎక్కువుంటే బాధేంటి? ఒకటోతరగతీ రెండోతరగతీ కలిపి ఎనిమిది మంది. తలో సగం ఏసేస్తాను. మీరు పుస్తకంలో ఏం రాసుకుంటారో రాసుకోండి."

పుస్తకంలో 'పగిలినవి: నాలుగు' అని రాశాడు. అబద్ధం కూడా కాదు, సగానికి కోసింది కదా.

మూడోది వచ్చే ఏడాది ప్రణాళిక. నమోదు లక్ష్యం ఎంతో రాయమన్నారు. ఈ ఏటి కంటే పెరగాలని మౌఖిక ఆదేశం. ఊళ్లో ఐదేళ్లు నిండేవాళ్లు ముగ్గురని మావాడికి వేళ్ల మీద లెక్క. ఇద్దరి ఇళ్లముందు పసుపుపచ్చ బస్సు ఇప్పటికే ఆగుతోంది. మూడోవాడు వంటమ్మ మనవడు. ఐదోతరగతి నుంచి వెళ్లేవాళ్లు నలుగురు. అంటే పంతొమ్మిది పదహారవుతుంది. ప్రొఫార్మాలో ఇరవై ఐదు అని రాశాడు. తేడా ఎలా పూడుస్తావురా అంటే, ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రిగారు చెబుతూనే ఉన్నారు కదా బావా, కొంచెం టైమివ్వాలి అన్నాడు.

చివరిది బదిలీలు. ఎనిమిదేళ్లు నిండినవాళ్లు కదలాల్సిందేనని ఆ ఏడాదే చట్టం చేశారు. మావాడికి నిండాయి. నాలుగో కేటగిరీ ఊరు కాబట్టి ఏడాదికి 5 పాయింట్లు. అంటే మన లెక్కలో, ఊరికి బస్సు రాకపోతే పాయింట్లు వస్తాయి. ఎనిమిదేళ్లు బస్సు రాని ఊళ్లో ఉన్నందుకు మా చెల్లెమ్మకు బస్సు వచ్చే ఊరు దక్కుతుందన్నమాట. మినిట్స్‌లో తనకు తానే వీడ్కోలు పలుకుతూ తీర్మానం రాసుకున్నాడు. "శ్రీయుతులు ఎనిమిది సంవత్సరములు అంకితభావముతో…" అని మొదలుపెట్టి, కొంచెం సిగ్గుపడి, "యథాశక్తి" అని దిద్దాడు. ఖాళీ కుర్చీలతో సహా నేను ఫొటో తీశాను. గ్రూపులో పెట్టిన నిమిషంలో పైనుంచి జవాబొచ్చింది: "ఫొటోలో బ్యానర్ ఏది?"

జూన్‌లో బదిలీ అయింది. ఆర్డరు చేతికొచ్చింది. కొత్త ఊళ్లో ఇల్లు కూడా చూసుకున్నారు. కాని ఏకోపాధ్యాయ పాఠశాల కాబట్టి రిలీవర్ వచ్చేదాకా కదలకూడదన్నారు. జూన్ 12న వీడ్కోలు పొందిన మాష్టారే వచ్చి తాళం తీశాడు. పిల్లలకు మాత్రం తేడా తెలియలేదు. ఒకటోతరగతివాళ్లు చింతగింజలిచ్చే అక్క ఏదని రెండు రోజులు అడిగారు.

16,347 పోస్టుల మెగా డీఎస్సీ పూర్తయి, సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చి, శిక్షణ ముగిసి, అక్టోబరులో ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. మావాడు సాయంత్రం దాకా కూర్చుని చార్జి అప్పగించాడు. రిజిస్టర్లన్నీ చూపించాడు, పాస్‌వర్డులు ఒక కాగితం మీద రాసిచ్చాడు, ట్యాంకుకు ఎన్నో మెట్టు మీద సిగ్నలు అందుతుందో చూపించాడు. అంతా విని ఆ అమ్మాయి అడిగింది: "మిగతా స్టాఫ్ ఎప్పుడొస్తారు సార్?"

మావాడు రెండు ఖాళీ కుర్చీల వైపు చూపించి బండెక్కాడు.

ఈ ఏప్రిల్ మీటింగుకు ఆ టీచరమ్మకు కూడా ఫొటో తియ్యడానికి మనిషి కావాలట. ఈసారి నాకు కుదరదు. మీలో ఎవరైనా అటు వెళ్లేవాళ్లుంటే ఉదయం ఏడూ ముప్పావుకల్లా చేరండి, బ్యానర్ మాత్రం మర్చిపోకండి. బస్సు ఆలస్యమై టీచరమ్మ ఇంకా రాకపోతే గేటు ముందు నిలబడక్కర్లేదు. వేపచెట్టుకు ఎదురిల్లే వంటమ్మది. నెలకు మూడు వేల గౌరవ వేతనం, బదిలీ లేదు. బడి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.