పడక కుర్చీలో చెక్ పాఠాలు

రిటైరయ్యాక ఏదో ఒక కొత్త విద్య పట్టాలని డాక్టరు దగ్గర్నుంచి పక్కింటాయన దాకా అందరూ చెప్పారు. పట్టాను. చెక్ భాషలో, అదీ పుస్తకాల్లోది కాదు, వాళ్లు వీధుల్లో మాట్లాడుకునే భాషలో, ఒళ్లు వాల్చడాన్ని ఎన్ని రకాలుగా అంటారో నేర్చుకున్నాను. ఆ విద్య వల్ల నాకు జరిగిన నష్టం గురించే ఈ మొర.

మా అమ్మాయి ఉద్యోగం చేసే ఊరు బ్ర్నో. ఆ దేశంలో ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు అదే. మా ఆవిడ 'బర్నో' అంటుంది, దాంతో ఆ ఊరికి కాస్త ఊపిరాడుతుంది. మన మాటకి చివర అచ్చు లేకపోతే నోట నిలవదు. వాళ్లకి మాట మొత్తంలో ఒక్క అచ్చు లేకపోయినా గడిచిపోతుంది. మెడని 'క్ర్క్' అంటారు. మెడ పట్టేసినప్పుడు మనం చేసే చప్పుడు అదే కదా!

ఓ ఆదివారం ఫోన్లో అమ్మాయి "ఇవాళ లెహారో నాన్నా" అంది. ఏ పనీ పెట్టుకోకుండా హాయిగా పడుండడమట. నా జీవితాశయానికి ఓ పేరుందని అరవై దాటాక తెలిసింది. ఇంకా ఏమేమున్నాయో పంపమన్నాను. పాత డైరీ ఒకటి తీసి, పడక కుర్చీలో జారబడి, అమ్మాయి పంపే వాయిస్ మెసేజీలు వింటూ రాసుకోవడం మొదలెట్టాను.

'దాత్ సి ష్లోఫీకా' అంటే ఓ కునుకు తీయడం. మనం రెస్టుని ఇంగ్లీషు దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు, ఈ ష్లోఫీక్‌ని వాళ్లు జర్మన్ దగ్గర తెచ్చుకున్నారు. చివర్న ఆ 'ఆ' ఎందుకంటే విభక్తి. చెక్‌లో ఏడు విభక్తులు, కునుక్కి కూడా మినహాయింపు లేదు. 'వాలెత్ సె' అంటే ఊరికే పడి దొర్లడం. మనం నడుం వాలుస్తాం, వాళ్లు వాలెత్ అంటారు! రెండు భాషలకీ చుట్టరికం కనిపెట్టేశానని అమ్మాయికి అర్ధరాత్రి మెసేజీ పెట్టాను. "యాదృచ్ఛికం నాన్నా, పడుకో" అని జవాబొచ్చింది.

మా శ్రీకాకుళం జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల చదువు కోసం పాటుపడ్డారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ నేల మీదే పుట్టిన నేను ఆరు వారాల్లో ఏడు మాటలు పోగేశాను. ఏడూ పడుకోవడానికే.

అసలు చెక్ వాళ్లు మన దేశానికి పంపినవి వేరు. మనం మనవే అనుకునే బాటా చెప్పులు 1894లో జ్లీన్ ఊళ్లో పుట్టాయి. అరవైల్లో మైసూరులో తయారైన జావా బండి వాళ్లదే. 'రోబో' కూడా కారెల్ చాపెక్ 1920లో అచ్చేయించిన నాటకంలోంచి వచ్చిందే, ఆ మాట అందించింది ఆయన అన్న యోసెఫ్. 'రొబొతా' అంటే వెట్టిచాకిరీ. అంటే నడవడానికి, తిరగడానికి, పని చెయ్యడానికి కావలసినవన్నీ వాళ్లు పంపారు. పడుకునే మాటలు మాత్రం ఇంట్లో దాచుకున్నారు. నేను సరిగ్గా ఆ దాచుకున్నవాటి మీద పడ్డాను. ఈ సంగతి మా ఆవిడకి గొప్పగా చెబితే, "వెట్టిచాకిరీకి అంత దూరం నుంచి మాటెందుకండీ, మనింట్లో ఎప్పట్నుంచో ఉంది" అంది.

బద్ధకంలో మా ఊరు మాత్రం తక్కువ తిందా! స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. సొంత పేరు పెట్టుకోవడానిక్కూడా బద్ధకించిన స్టేషను. చక్కెర ఫ్యాక్టరీ ఏళ్ల కిందటే శాశ్వత ష్లోఫీక్‌లోకి వెళ్లిపోయింది. ఇలాంటి గాలి పీల్చినవాణ్ణి నేను.

ఇక అసలు రోజు. వైశాఖం ఎండ. మా ఆవిడ వసారాలో కత్తిపీట ముందేసుకుని ఆవకాయకి కాయలు కొడుతోంది. ముక్కల్లో జీడి తీసి, పొర గీకి, తడి లేకుండా గుడ్డతో తుడిచే పని నాది. పదిహేను ముక్కలు తుడిచేసరికి నడుం పట్టేసింది. "ఇప్పుడు నన్నేమంటారో తెలుసా, 'వాలెత్ సి షున్కి' అంటారు" అన్నాను.

"అంటే?"

"తొడలు దొర్లించుకోవడం. పంది తొడలు."

చేతిలో టెంక ముక్క పళ్లెంలో పడేసింది. "ఆవకాయ పెడుతుంటే పంది మాటేటండీ!"

సర్దుకుని, మర్యాదైన మాట ఒకటి వెతికి తీశాను. 'దాత్ సి ద్వత్సెత్', తనకి తాను ఇరవై ఇచ్చుకోవడం. భోంచేశాక తీసే చిన్న కునుక్కి అలా అంటారు. ఇరవై ఏమిటో వాళ్లు పైకి చెప్పరు, ఆ మర్యాద నాకు నచ్చింది. గడియారంలో రెండున్నర, బ్ర్నోలో పదకొండు. ఒక్క ద్వత్సెత్ అని చెప్పి లోపలికెళ్లి వాలాను. లేచేసరికి సాయంత్రం అయిదున్నర. ముక్కలన్నీ తుడిచి, ఆవపిండి కలిపి, జాడీకి వాసెన కట్టేసి ఉంది. నా వాటా పదిహేను ముక్కలు విడిగా ఓ గిన్నెలో పెట్టుంది, పప్పులో వేస్తుందట.

"పడుకోవడానిక్కూడా చదువేటండీ? చదవకుండానే ఫస్టు క్లాసులో పాసయినోరు కదా మీరు" అంది. నేను తల గోక్కుంటూ, "పోనీ, నువ్వు దేన్నంటావు రెస్టని?" అన్నాను.

"మీరు ఊళ్లో లేనప్పుడు."

ఆ రాత్రే అమ్మాయికి ఫోన్ చేసి ద్వత్సెత్ అంటే కచ్చితంగా ఎంతో కనుక్కుంది. ఇరవై అని తేలింది. ఇరవై అంటే నిమిషాలే అని ఈవిడే తీర్మానించింది. తెలుగులో 'కాస్త నడుం వాలుస్తాను' అన్నంత కాలం ఆ 'కాస్త'కి కొలత లేదు, మూడు గంటలూ అందులో పట్టేవి. పరాయి భాషకి పోయి చేజేతులా అంకె తెచ్చుకున్నాను.

ఇప్పుడు నేను మంచమెక్కగానే మా ఆవిడ సెల్లులో అలారం పెడుతుంది. అది మోగీ మోగక ముందే, "ద్వత్సెత్ అయిపోనాది, లెగండి!" అని వసారాలోంచి కేక. ఉచ్చారణ నాకన్నా బాగుందని అమ్మాయి మెచ్చుకుంది.