ఐఫోనా, ఆండ్రాయిడా: జైపూర్ ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం

"అన్నా, ఐఫోన్ తీస్కోవాల్నా, ఆండ్రాయిడే మంచిగుంటదా?"

అవతారిక

ఒక వాక్యం ఎక్కడ, ఏ కాలంలో, ఎవరి నోట పుట్టిందో ముందుగా చెప్పే మాటను అవతారిక అంటారు. పై మూలం పుట్టిన జైపూర్ రాజస్థాన్ రాజధాని కాదు. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, ఆనాటి నుంచి మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ మండలంలోనే, పెగడపల్లి దగ్గర, సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఒక్కొక్కటి 600 మెగావాట్ల రెండు యూనిట్లతో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నడుపుతోంది. ఇంత వివరణ దేనికని అడగవచ్చు గానీ, ఏ ఫోనులోనైనా పటం తెరిచి ఊరి పేరు కొడితే ముందుగా ఎదురయ్యేది హవామహల్ ఉన్న జైపూరే కనుక, వివాదంలో ఉన్న రెండు వ్యవస్థలూ ఈ ఒక్క తప్పును సరిసమానంగా చేస్తాయని మొదట్లోనే చెప్పి పెట్టడం మంచిది.

కాలం, దసరా ముందరి రోజులు. సింగరేణి కార్మికులకు సంస్థ లాభాల్లో ఏటా కొంత వాటా పంచుతారు. 2024లో ఆ వాటాను 33 శాతంగా నిర్ణయించి 796 కోట్ల రూపాయలు ప్రకటించారు, ఆ ఏడే మొట్టమొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 రూపాయలు ఇచ్చారు. వాటా ఖాతాలో పడిందన్న మెసేజు ఫోనులోనే వస్తుంది, వచ్చిన మరుక్షణం ఆ ఫోనే పాతదిగా కనపడటం మొదలవుతుంది. మూలంలోని ప్రశ్న ఆ క్షణానిది.

మెతుకుసీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీకలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఈ టీక మొదటి నియమానికి కట్టుబడి ఉంటుంది. రెండో నియమం మాటకొస్తే, ఫోన్ల సంగతి ఎత్తినవారెవరూ దాన్ని ఈనాటిదాకా నిలుపుకున్న దాఖలా లేదు.

ప్రతిపదార్థం

అన్నా = ఓ అగ్రజుడా; ఐఫోన్ = యాపిల్ కంపెనీ తయారుచేసే, ఐఓఎస్ అనే ఆ కంపెనీ సొంత వ్యవస్థతో మాత్రమే నడిచే ఫోను; తీస్కోవాల్నా = తీసుకొనవలెనా; (లేక) ఆండ్రాయిడే = గూగుల్ పోషణలో ఉండి, శాంసంగ్, షావోమీ, వివో, ఒప్పో మొదలైన పలు కంపెనీల ఫోన్లలో నడిచే వ్యవస్థయే; మంచిగుంటదా = మేలుగా ఉండునా.

వ్యాఖ్య

ముందుగా క్రియ. వక్త 'కొనాల్నా' అనకుండా 'తీస్కోవాల్నా' అన్నాడు. 'వలెనా' అన్న పాత రూపంలోని నకారాన్ని తెలంగాణ నాలుక ఇంకా విడిచిపెట్టలేదనీ, 'తీసుకోవాలా' అనే కోస్తా రూపంలో అది రాలిపోయిందనీ గమనించి ముందుకు పోవచ్చు. అసలు రుచి ధాతువులో ఉంది. 'తీసుకొను' అనేదాంట్లోని 'కొను'కు వెల ఇచ్చి పొందడమని అర్థం కాదు, తన కోసం చేసుకోవడమని అర్థం. కొన్నానంటే డబ్బు పోయిన జ్ఞాపకం మిగులుతుంది, తీసుకున్నానంటే వస్తువొక్కటే కనపడుతుంది. నెలనెలా వాయిదాలు కట్టే కాలంలో జనం ఫోను 'తీసుకున్నం' అనడం లెక్క ప్రకారం కూడా ఒప్పే, ఎందుకంటే ఆఖరి వాయిదా తీరేదాకా కొనడం పూర్తి కాదు.

వక్త పర్మినెంటు కార్మికుడా, కాంట్రాక్టు కార్మికుడా అన్నది మూలం చెప్పదు. పర్మినెంటు కార్మికుడైతే ఇది నిజమైన సందేహం, దీన్ని సందేహాలంకారమని కూడా అనరాదు. కాంట్రాక్టు కార్మికుడైతే మాత్రం 'ఐఫోన్ తీస్కోవాల్నా' అన్న సగం వాక్యం అతిశయోక్తి. పైన చెప్పిన 5,000 రూపాయలు కొత్త ఐఫోనుకు పగిలిన అద్దం మార్పించడానికి కూడా చాలవు. ఒకే షిఫ్టులో ఒకే బొగ్గు దగ్గర పనిచేసే ఇద్దరి నోట ఒకే వాక్యం రెండు వేర్వేరు అలంకారాలు కావడం అలంకారశాస్త్రం ఊహించని సంగతి.

ఇక 'ఆండ్రాయిడే' అన్న పదంలోని ఏకారం. వ్యాకరణంలో దీన్ని అవధారణార్థకమంటారు. అదే తప్ప మరొకటి కాదని గట్టిచేసి చెప్పేదని భావం. దేశంలో నూటికి తొంభైకి పైగా స్మార్ట్‌ఫోన్లు ఆండ్రాయిడ్‌తో నడుస్తున్నందున ఈ ఏకారం వక్త నోటికి అలవాటుగా వచ్చిందని ఒక మతం. ఆ ఏకారం దానంతట అది మొలవలేదని ఇంకొక మతం. ఫోన్లు తయారుచేసే కంపెనీల చేత తన యాప్‌లన్నిటినీ ముందుగానే పెట్టించి ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని, భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఒక్క ఏత్వానికి ఇంత జరిమానా పడిన సందర్భం తెలుగు వ్యాకరణ చరిత్రలో మరొకటి ఉండదు.

నిర్వహణ వ్యవస్థ, అనగా జనం ఆపరేటింగ్ సిస్టమ్ అనేది, ఏం చేస్తుందో బొగ్గుబాయి ఎరిగినవారికి చెప్పడం తేలిక. షిఫ్ట్ మొదట్లో గాలి చూసి, పైకప్పు తట్టి చూసి, ఎవరు ఏ ఫేసులో పనిచేయాలో చెప్పి, ప్రమాదమున్న చోటికి ఎవరినీ పోనివ్వని మైనింగ్ సర్దార్ ఎలాంటివాడో, ఫోనులో ఈ వ్యవస్థ అలాంటిది. ఏ యాప్‌కు కెమెరా ఇవ్వాలి, ఏది బ్యాటరీని తాగుతోంది, దేన్ని పక్కన కూర్చోబెట్టాలి అన్నది దాని చేతిలో ఉంటుంది. ఐఓఎస్ ఒకే యజమాని గనిలో పుట్టి ఆ గనిలోనే రిటైరయ్యే సర్దార్. ఆండ్రాయిడ్ గూగుల్ దగ్గర తర్ఫీదు పొంది పది మంది యజమానుల దగ్గర పనికి కుదిరిన సర్దార్. ఒక్కో యజమాని ఒక్కో టోపీ పెడతాడు, తన బావమరదులను కూడా వెంట పంపుతాడు. కొత్త ఫోనులో అడగకుండానే కనపడి, తీసేద్దామన్నా పోని యాప్‌లు ఆ బావమరదులే.

వీటి పుట్టుకను క్లుప్తంగా చెప్పుకోవాలంటే, ఐఫోను 2007 జనవరి 9న లోకానికి పరిచయమైంది. 2003లో ఒక చిన్న కంపెనీగా మొదలై 2005లో గూగుల్ చేతికి వచ్చిన ఆండ్రాయిడ్, 2008లో తొలి ఫోనుతో బయటికొచ్చింది. నోకియా వారి సింబియన్, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ అనే మతాలు కూడా ఒకప్పుడు ఉండేవి, వాటి అనుయాయులు ఇప్పుడు మిగలలేదు. ఆండ్రాయిడ్ వారు 2009 నుంచి పదేళ్ల పాటు తమ సంచికలకు కప్‌కేక్ మొదలుకొని పై వరకు తీపి పదార్థాల పేర్లు పెట్టి, 2019లో అంకెల్లోకి మారిపోయారు. సకినాలదాకా వచ్చేలోపే వరుస ఆగిపోవడం ఈ ప్రాంతానికి జరిగిన చిన్నపాటి అన్యాయం.

ఆక్షేపము, సమాధానము

ఐఫోనులోకి కొత్త యాప్ రావాలంటే ఇక్కడ యాప్ స్టోర్ అనే ఒక్క ద్వారమే గతి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ ఉండగా, ఏపీకే అనే ఫైలు రూపంలో బయటి నుంచి నేరుగా కూడా యాప్‌ను దించుకోవచ్చు. దీని మీద ఆక్షేపం ఇలా సాగుతుంది: భూగర్భ గనికి బయటపడే దారులు కనీసం రెండు ఉండాలని చట్టమే చెబుతుండగా, ఒకే దారి ఉన్న ఫోనును గనివాడు ఎలా నమ్మాలి? సమాధానం: గనికి రెండో దారి మనుషులు బయటికి రావడానికి, ఆండ్రాయిడ్ రెండో దారిలో ఎక్కువగా లోపలికి వచ్చేది దొంగ. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో పేరు తగిలించుకొని వాట్సాప్‌లో దిగే ఏపీకే ఫైలును నొక్కితే, అది మెసేజులు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీని మనకన్నా ముందు చదువుతుంది. మోసపోయినవారు 1930 అనే నంబరుకు వెంటనే ఫోను చేయాలని పోలీసులు పదేపదే చెప్పడం ఇందుకే. ఐఫోను వాడినంత మాత్రాన మోసం జరగదని కాదు; తీయని మాటలు చెప్పి డబ్బు తనంతట తనే పంపేలా చేసేవాడికి ఏ వ్యవస్థతోనూ పనిలేదు. ఈ ఒక్క ద్వారం విషయంలో మాత్రం ఆక్షేపకుడు ఓడిపోయాడు.

అయితే అతనికి రెండో అస్త్రం ఉంది. జియో ఒకటి, బీఎస్‌ఎన్‌ఎల్ ఒకటి రెండు సిమ్ములు వేసుకొనే దేశంలో ఐఫోను 2018 దాకా, అంటే పుట్టిన పదకొండేళ్ల వరకు, ఒక్క సిమ్ముతోనే గడిపింది. మెమరీ కార్డుకు అందులో ఈనాటికీ చోటు లేదు. ఎదుటివారి మాటను రికార్డు చేసే సౌకర్యం 2024లో గానీ దానిలో కలగలేదు. సంఘం నాయకుడు ఫోనులో ఇచ్చిన హామీని దాచుకోవాలనుకొనేవారికి ఈ చివరి లోపం ఎంత పెద్దదో గేటు మీటింగులకు పోయేవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. మరో పక్కన, 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 కూడా అందగా, ఆ కాలపు చౌక ఆండ్రాయిడ్లు ఒకటి రెండేళ్లకే పాతబడి మూలపడ్డాయి. ధర ఎక్కువ పెట్టినా ఎక్కువ కాలం నడిచే వస్తువే చవకని చెప్పే గృహిణుల వాదం ఇక్కడ ఐఫోను పక్షాన నిలుస్తుంది.

విశేషము: జ్ఞా ప్రకరణం

టీకాకారుడు మూలాన్ని దాటి తెలియజెప్పదగిన సంగతిని విశేషం కింద రాస్తాడు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లు తెలుగు 'జ్ఞా' అక్షరపు ఒకానొక రూపాన్ని చూసి మూర్ఛపోయాయి. ఆ రూపం మెసేజులో కనపడితే ఆ మెసేజు యాప్ మూసుకుపోయి మళ్లీ తెరుచుకొనేది కాదు. తెరపై నోటిఫికేషన్‌గా వస్తే ఫోను ముఖపత్రమే కూలి, లేచి, మళ్లీ కూలేది. తెలుగువారు మామూలుగా రాసే జ్ఞానంతో ఏ ప్రమాదమూ లేదు. జకారం, దాని కింది ఞ వత్తు, ఆపై ఆకారం మధ్య కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు చేరినప్పుడు, అక్షరాన్ని ఎలా కూర్చి గీయాలో తెలియక గీతలు గీసే భాగం చతికిలపడేది. కొంటె కుర్రాళ్లు ప్రపంచమంతటా దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సంచికతో చికిత్స జరిగింది. అంత ఖరీదైన వస్తువు జ్ఞానానికి తట్టుకోలేకపోయిందని ఆండ్రాయిడ్ వర్గీయులు నవ్వారు గానీ, వారి తొలినాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు రాక అక్షరానికొక డబ్బా చూపించిన చరిత్రను అప్పటికి మరిచారు. డబ్బాలు చూపడం అజ్ఞానం, మూర్ఛపోవడం అర్ధజ్ఞానం. రెండోదే ఎక్కువ అపాయకరమని తర్కం తెలిసినవారు తేల్చగలరు.

నిత్యవ్యవహార ప్రకరణం

'మంచిగుంటదా' అన్న మాటకు ఏ పనిలో అన్న ఆకాంక్ష ఉంది; పూర్తికాని అర్థం మరో పదం కోసం ఎదురుచూడటాన్ని ఆకాంక్ష అంటారు. భూగర్భ గనిలో పనిచేసేవారి విషయంలో రోజుకు ఒక షిఫ్టు పాటు ఆ ఆకాంక్ష తీరదు, ఎందుకంటే మీథేన్ వాయువు ఉండే చోటికి నిప్పురవ్వకు వీలున్న మామూలు ఫోను తీసుకుపోవడం నిషిద్ధం; ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకొనే మనిషి అంతకుముందే ఫోనును పైన వదిలిపెట్టి వస్తాడు, అది లక్ష రూపాయలదైనా పదివేలదైనా. పైకి వచ్చాక మొదలయ్యే కష్టాలు కూడా ఉమ్మడివే. చేతి చర్మం అరిగినవాడి వేలిముద్రను ఫోను ఒకసారి గుర్తుపట్టి మూడుసార్లు పట్టదు. ఓపెన్‌కాస్టు దుమ్ము చార్జింగ్ రంధ్రంలో నల్లటి వత్తిలా గట్టిపడుతుంది. పిన్ను వదులై చార్జింగ్ ఎక్కకపోతే బ్యాటరీ పోయిందనుకొని షాపుకు తీసుకుపోతే, షాపతను సన్నటి సూదితో ఆ వత్తిని తీసి కాగితం మీద పెట్టి చూపిస్తాడు. 2023లో ఐఫోన్ 15 తన పాత తీగను వదిలి టైప్-సీకి మారినప్పటి నుంచి ఇంట్లో, క్యాంటీనులో ఎవరి తీగైనా ఎవరికైనా పనికొస్తోంది. ఈ యుద్ధంలో కుదిరిన నిజమైన సంధి అదొక్కటే.

తాత్పర్యం

పూర్వ వ్యాఖ్యాతలందరూ ఐఫోన్, ఆండ్రాయిడ్ అనే రెండు పదాల దగ్గరే ఆగి, వాక్యం మొదట ఉన్న 'అన్నా' అన్నదాన్ని వట్టి సంబోధనగా దాటేశారు. అన్వయం అక్కడి నుంచే మొదలవుతుంది. ఎదురుగా కౌంటరులో అన్నీ తెలిసిన దుకాణదారు ఉండగా వక్త అతన్ని అడగలేదు. అదే షిఫ్టులో పనిచేసే అన్నను అడిగాడు, ఎందుకంటే ఫోను కొన్న రాత్రి పాత నంబర్లను కొత్తదాంట్లోకి ఎక్కించేది అన్న, మరిచిన పాస్‌వర్డును తిరిగి రాబట్టేది అన్న, ఫోన్‌పేలో డబ్బు కట్ అయి అవతల పడకపోతే ఎక్కడ నొక్కాలో చీకట్లో కూడా చెప్పగలిగేది అన్న. ఆ అన్న చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ అయితే, ఐఫోను ఎంత గొప్పదైనా దాని సెట్టింగులు ఆయనకు పరాయి ఊరు. కాబట్టి వక్త అడుగుతున్నది ఏ వ్యవస్థ మేలైనదని కాదు, 'నువ్వు ఏది వాడుతున్నవు, నాకు అడ్డం పడ్డప్పుడు వస్తవా' అని. అన్న తన ఫోను జేబులోంచి తీసి చూపించడంతో జవాబు అయిపోతుంది.

పాఠాంతరం

కొన్ని ఇళ్లలో ఈ మూలం వేరే రూపంలో వినిపిస్తుంది. ఒకే వాక్యానికి దొరికే ఇలాంటి వేరు రూపాన్ని పాఠాంతరమంటారు. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు, కొత్త ఐఫోను తీసుకున్నప్పుడల్లా పాతది తండ్రికి పంపుతాడు, ఫేస్‌టైమ్‌లో మనవరాలు కనపడుతుందన్న ఆశ పెట్టి. అక్కడ మూలం ఇది: "బిడ్డా, ఐఫోన్ నాకెందుకురా, ఆండ్రాయిడే మంచిగుంటది." ఈ పాఠంలో 'అన్నా' స్థానంలో 'బిడ్డా' చేరింది, చివరి ఆకారం పోయి ప్రశ్న కాస్తా నిర్ణయంగా మారింది. అయినా ఈ పాఠానికి ప్రయోజనం తక్కువ, ఎందుకంటే తండ్రి ఈ మాట అనేసరికే ఫోను కొరియర్‌లో బయలుదేరి ఉంటుంది.