సంగీతం అంటకుండా సంగీత పాఠాలు

సెజ్‌లో షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. అయినా పిల్లనో పిల్లాణ్నో సంగీతంలో చేర్పించాలన్న ముచ్చట అచ్యుతాపురం తల్లిదండ్రులకు ఉండనే ఉంటుంది. అలా కొత్తగా చేరినవాళ్ల కోసమే ఈ చిట్కాలు. శ్రద్ధగా పాటిస్తే మాటలన్నీ నోటికొస్తాయి, సంగీతం మాత్రం దరిచేరదు.

1. శ్రుతి: శ్రుతిపెట్టె కొని షోకేసులో పెట్టండి. ఫోన్‌లో యాప్ అయితే మరీ మేలు, మధ్యమధ్యలో వాట్సాప్ చూసుకోవచ్చు. నిన్న ఒకటిన్నర, ఇవాళ రెండున్నర, రేపు ఐదు... ఇలా ఆధార షడ్జమాన్ని రోజుకోచోటికి మార్చండి. గొంతు హాయిగా పలికే శ్రుతి ఒకటి చూసుకుని, ఏళ్ల తరబడి దాన్నే పట్టుకునేవాళ్లది వట్టి చాదస్తం.

2. స్వరాలు: స్వరాలు 7, స్వరస్థానాలు 12, వాటి పేర్లు 16. చుట్టాలొచ్చినప్పుడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పండి. వాళ్లలో ఎవరో తెలిసినాయన "చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఉండేది ఒకే స్థానంలో కదమ్మా, ఏదీ ఓసారి పలుకు" అంటే, వెంటనే దగ్గు తెచ్చుకోండి.

3. మాయామాళవగౌళ: సరళీ వరసలన్నీ ఈ రాగంలోనే. ఒకటో శ్రుతిలో పెట్టుకుంటే హార్మోనియం మీద రిషభానికీ ధైవతానికీ నల్ల మెట్లు నొక్కాలి. అంత శ్రమెందుకు? వరసగా తెల్లమెట్లే నొక్కుకుంటూ పోండి. పలికేది ధీరశంకరాభరణం. మాస్టారు తల పట్టుకుంటే, పుస్తకంలో 15వ మేళం దగ్గర మొదలుపెట్టి 29వ మేళానికి చేరామని, ముందుకే పోతున్నామని చెప్పండి.

4. తాళం: ఆదితాళానికి ముందు ఒక దెబ్బ, ఆపైన చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఇది నాలుగక్షరాల లఘువు. తర్వాత దెబ్బ, విసురు. మళ్లీ దెబ్బ, విసురు. ఇవి రెండు ద్రుతాలు. వెరసి ఎనిమిది. ఈ వేళ్ల లెక్కంతా మానేసి తొడ మీద తోచినన్ని వేయండి. ఏడింటికే పాట అయిపోతే ఎనిమిదో దెబ్బను మృదంగం ఆయనకు వదిలేయండి.

5. కాలాలు: మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి నడక మాత్రం మారకూడదట! మీరు చేతినే పరిగెత్తించండి. కంపెనీ బస్సు తప్పిపోతున్నట్టు వరస ముగించేస్తే అదే మూడో కాలం.

6. ఆరోహణ, అవరోహణ: మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు. అయిదే స్వరాలు కాబట్టి ఔడవ రాగం అంటారు. ఇక్కడ నోరు మెదపకుండా ఊరుకోకండి. ఫీజు కట్టింది ఏడు స్వరాలకు, మిగతా రెండూ ఏవని నిలదీయండి. మాస్టారు ఇవ్వకపోతే మీరే కలుపుకోండి. మోహన పోతేనేం, అన్ని స్వరాలూ దక్కుతాయి.

7. మేళకర్తలు: జంట వరసలు మొదలవకముందే కనకాంగి నుంచి రసికప్రియ వరకు 72 పేర్లూ బట్టీ కొట్టండి. కటపయాది లెక్కలో 'మా' అంటే 5, 'యా' అంటే 1, తిరగేస్తే 15. అదే మాయామాళవగౌళ మేళం సంఖ్య. లెక్క కుదిరింది కనుక రాగం వచ్చేసినట్టే. పాడి చూసుకోవడం అనుమానం మనుషుల పని.

8. విజయనగరం: అనకాపల్లిలో రైలెక్కితే ఎంతో దూరం కాదు, అదే ప్రమాదం. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత కళాశాల అక్కడుంది. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షత వహించి, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు నేర్పిన చోటు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. అలాంటి చోట్లకు పిల్లల్ని తీసుకెళ్తే పాట మీద మనసు పడే అవకాశముంది.

ఈ ఎనిమిదీ పాటించినంత కాలం మీకు ఏ ఢోకా లేదు. పొరపాటున రోజూ పొద్దున్నే ఓ అరగంట శ్రుతిపెట్టె ముందు కూర్చుని షడ్జమం కలిసేదాకా పాడారో, మేమింత కష్టపడి చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే.